ఫిడేలు ఊరికి అరోరా ఫొటోనా?

అయ్యా,

మొన్న ఆదివారం ఫిన్లాండ్‌లోని కౌస్టినెన్ గురించి మీరు వేసిన అర కాలమ్ చదివి, పోనీలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక నావల్ల కాలేదు. ఊరి పేరు శీర్షికలో ఒకలా, లోపల ఇంకోలా ఉంది. ఫొటో చూస్తే ఆకాశం నిండా చీకటి రాత్రుల్లోనే కనబడే పచ్చటి అరోరా వెలుగులు! ఆ ఊరి జానపద సంగీతోత్సవం జరిగేది జులైలో. అప్పుడక్కడ రాత్రి పదింటికి కూడా ఆరుబయట పేపరు చదువుకోవచ్చు, మీ పేపరైనా సరే. ఫిన్లాండ్ అనగానే మంచూ, శాంతాక్లాజూ తప్ప మీ డెస్కు వాళ్లకు ఇంకేమీ తట్టదా?

పైగా యునెస్కో గుర్తించాకే ఆ ఊరు వెలుగులోకి వచ్చిందట! అక్కడి ఫిడేలు వాదనం యునెస్కో జాబితాలో చేరింది 2021లో. ఉత్సవం మొదలైంది 1968లో. జానపద సంగీత సంస్థ పెట్టింది 1974లో. అక్కడి పెళ్లిళ్లలో ఫిడేలు మోగడం 250 ఏళ్లకు పైబడిన మాట. ఆ ఊరి కోన్‌స్తా యుల్హా ఫిడేలు దేశమంతా విన్నది. ఆయన 1984లోనే పోయారు.

మా అబ్బాయి ఉద్యోగం అక్కడే కాబట్టి రెండేళ్ల కిందట నేనూ ఆ ఉత్సవం చూశాను. చెక్క వేదిక మీద ఎనిమిదేళ్ల పిల్ల, పక్కన తాత వయసాయన. ఇద్దరి ముందూ నొటేషన్ కాగితం లేదు. పాదాలు మాత్రం టపటపా తాళం వేస్తున్నాయి. పిల్ల ఒకచోట తప్పింది. ఎవరూ ఆపలేదు, ఆయనే కాస్త గట్టిగా వాయించి దారిలో పెట్టారు. అక్కడి ఫిడేలు గురువు మౌనో యార్వెలా తెచ్చిన న్యాప్పారి అనే బోధనా పద్ధతి కూడా ఇలాంటిదే: వచ్చినంత వాయించు, అందరితో కలిసి వాయించు. ఇదంతా 4 వేల పైచిలుకు జనమున్న ఊళ్లో!

మన సాంస్కృతిక అధికారులకేమో శాలువాలు కప్పడంతోనే సరిపోతోంది. పెళ్లిలో నాదస్వరానికి మాంగల్యధారణ వేళ ఐదు నిమిషాలు, మిగతాదంతా డీజే. ఆ ఐదు నిమిషాల్లోనూ ఫొటోగ్రాఫర్ నాదస్వరం వాయించేవాయన్ని పక్కకు జరగమంటాడు.

సవరణ వేస్తారనే ఆశ. వేస్తే రాశిఫలాల కింద మూలన కాకుండా కాస్త కనబడేచోట వేయండి. ఊరి పేరు కౌస్టినెన్.

— ఓ పాత చందాదారు, రాజమహేంద్రవరం