ఉద్దానం కిడ్నీ పరీక్షల పట్టికలకు ఒకే శీర్షికలు పెట్టించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేసే విద్యార్థులకు డేటా విశ్లేషణలో సాయపడుతుంటాను. రోగుల పేర్లు తీసేసి మా చేతికొచ్చే ఎక్సెల్ ఫైళ్లలో, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షకు శీర్షిక ఒకదాంట్లో ‘సీరం క్రియాటినిన్’, ఇంకోదాంట్లో ‘ఎస్ క్రియాట్’, మరోదాంట్లో వట్టి ‘రిజల్ట్’. ఫైళ్లను కలిపితే పాండాస్ (డేటా విశ్లేషణకు వాడే పైథాన్ సాధనం) వాటిని వేర్వేరు కాలమ్‌లుగానే పేరుస్తుంది, మిగతాచోట ఖాళీలు వదిలేస్తుంది. శీర్షిక చివర కంటికి కనిపించని ఒక్క స్పేస్ ఉన్నా అంతే. ఎర్రర్ రాదు. సగటు మాత్రం కొందరిదే వస్తుంది. జబ్బు ఎక్కువున్న ఊరే లెక్కలోంచి జారిపోవచ్చు, నా భయమంతా అదే.

స్పేస్‌లు కోడ్‌తో తీసేస్తాం. పాత పేరుకు కొత్త పేరు చూపే జాబితా రాసుకుని, అందులో లేని శీర్షిక ఎదురైతే ప్రోగ్రామ్ అక్కడే ఆగేలా పెట్టుకున్నాం. కానీ ‘రిజల్ట్’ దేనిదో ఏ కోడూ చెప్పలేదు. కొలమానం రాయకపోతే మరీ కష్టం: క్రియాటినిన్ డెసీలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు సుమారు 88.4 మైక్రోమోల్స్, అంటే ఒకే ఫలితం ఒక ఫైల్లో 1గా, ఇంకో ఫైల్లో 88.4గా కనిపించొచ్చు.

కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా అన్ని పీహెచ్‌సీలకూ ఒకే నమూనా పంపించండి. శీర్షికలు, కొలమానాలు, తేదీ రాసే పద్ధతి అందులో ఉండాలి. ఊరి పేరు పక్కన కేంద్ర ప్రభుత్వ ఊళ్ల జాబితా అయిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని ఆ ఊరి కోడ్ కూడా వేయిస్తే, ఒకే ఊరిని మూడు స్పెల్లింగులతో వెతికే బాధ తప్పుతుంది. పాత ఫైళ్లను మార్చనక్కర్లేదు, ఏ శీర్షికకు అర్థమేమిటో నింపినవాళ్ల చేత రాయించి ఇప్పిస్తే చాలు. ఇందుకు ఏఎన్‌ఎంలను మాత్రం తప్పుపట్టొద్దని మనవి. ఇల్లిల్లూ తిరిగేది వాళ్లే.

ఇట్లు,
జిల్లా వాసి ఒకరు