బంకులో ఇథనాల్ ఎంత కలిసిందో రాసిపెట్టాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

నేను కొరాపుట్ జిల్లా జయపురంలో బట్టల కొట్టు నడుపుతున్నాను. 2013లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొన్నప్పటి నుంచి పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఎప్పుడూ ఫుల్ ట్యాంకే, నాజిల్ దానంతటది ఆగేదాకా. మళ్లీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజ్ తెలిసిపోతుంది.

మా అమ్మ వైద్యం కోసం రెండు నెలలకోసారి విశాఖ వెళ్తాం. జయపురం ఘాట్ ఎక్కి కొరాపుట్, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరులో దిగే దారి. అక్కడ ఊళ్లో తిరగడంతో కలిపి రానూపోనూ 460 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఏళ్ల తరబడి ఈ ప్రయాణంలో నా కారు లీటరుకు 17.5 ఇచ్చింది. ఏసీ వేసినప్పుడు కాస్త తగ్గేది, అంతే. రెండేళ్లుగా 16.3 దాటడం లేదు. ఒక్కో ప్రయాణానికి దాదాపు రెండు లీటర్లు, అంటే రెండు వందల రూపాయలు అదనం.

ముందు కారునే అనుమానించాను. ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, ప్లగ్గులు మార్పించాను. టైర్లలో గాలి చూపించాను, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని నాలుగు చక్రాలూ విప్పించాను. దేనికీ ఆ అంకె కదల్లేదు. అప్పుడు పెట్రోల్ సంగతి ఆలోచించాను.

20 శాతం ఇథనాల్, అంటే చెరకు లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్, కలిపిన పెట్రోల్‌ను దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి తయారయ్యే బండ్ల విడిభాగాలు దాన్ని తట్టుకునేలా ఉండాలన్నారు. నాది దానికి పదేళ్ల ముందు బండి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉన్నదాని కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఐదో వంతు అదే కలిపితే మైలేజ్ తగ్గకుండా ఎలా ఉంటుంది? 2021లో నీతి ఆయోగ్ నివేదిక పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని చెప్పింది. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ 20 శాతానికి తగ్గట్టు సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం అంది. నా నోటుబుక్కులో తేడా 7 శాతానికి కొంచెం తక్కువ. అందులో నా కారు వయసు వాటా కూడా కొంత ఉండొచ్చు. కానీ పదేళ్లు నిలకడగా ఉన్న అంకె ఒక్కసారిగా పడిపోయిందంటే అంతా వయసు మీదికి తోసేయలేను.

డబ్బు కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకొకటి. పోయిన వానాకాలం సుంకి దగ్గర కారులో పెట్రోల్ వాసన మొదలైంది. వెనక సీట్లో అమ్మ. బండి పక్కకు ఆపి బానెట్ తీస్తే, ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు పగిలి చెమ్మగా ఉంది. వేడి ఇంజిన్ పక్కనే! అమ్మను దింపి దూరంగా ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, మెకానిక్ వచ్చేదాకా గంటన్నర వానలో నిలబడ్డాం. పైపుకు పన్నెండేళ్లు, పాతదే, ఒప్పుకుంటాను. అయితే కొన్ని పాత బండ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చని మంత్రిత్వ శాఖే చెప్పింది. ఆ మాట నాకు తెలిసింది పైపు పగిలాక. ముందే తెలిసి ఉంటే కొన్ని వందల రూపాయలతో మార్పించేసేవాణ్ణి.

నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాదు. మా పక్కనే నవరంగపూర్ జిల్లాలో ఎటు చూసినా మొక్కజొన్నే. మొక్కజొన్న నుంచి కూడా ఇథనాల్ తీస్తున్నారు కాబట్టి ఆ రైతులకు నాలుగు డబ్బులు వస్తే నాకు సంతోషమే. నా బాధ ఏమిటంటే, నా ట్యాంకులో ఏం పోస్తున్నారో నాకు చెప్పకపోవడం. మా బంకులో ఏ నెల నుంచి 20 శాతం మొదలైందో ఈ రోజుకీ నాకు తెలియదు. అడిగితే బంకు కుర్రాడికీ తెలియదు. పెట్రోల్ డెన్సిటీ ఎంతో బంకులో చూపిస్తున్నారు కదా, దాని పక్కనే ఇథనాల్ శాతం కూడా పెద్ద అక్షరాల్లో రాయడానికి అడ్డేమిటి? మా దగ్గర ఒడియా, తెలుగు రెండింట్లోనూ రాయాలి. పాత బండి ఉన్నవాళ్లు ఏ భాగాలు చూపించుకోవాలో అదే బోర్డు మీద రెండు ముక్కలు రాస్తే ఇంకా మంచిది.

ధర విషయం కూడా ఉంది. శక్తి తక్కువ కాబట్టి ఇలాంటి పెట్రోల్‌ను మామూలు పెట్రోల్ కన్నా చవకగా అమ్మాలని 2021 నివేదికే చెప్పింది. ఇథనాల్ కొనుగోలు ధరే రిఫైనరీ దగ్గరి పెట్రోల్ ధర కన్నా ఎక్కువైందని 2025లో మంత్రిత్వ శాఖ జవాబు ఇచ్చింది. అదీ నిజమే కావచ్చు. అలాంటప్పుడు పన్నులోనైనా తగ్గించాలి. ఆంధ్ర కన్నా ఒడిశాలో పెట్రోల్ చవకని సాలూరు వైపు దిగేవాళ్లు ఇక్కడే ట్యాంకు నింపుకుంటారు. అంత లెక్క చూసుకునే జనం ఉన్న సరిహద్దు ఇది. ఇక్కడ తిరిగే కార్లు, ఆటోలు, బైకుల్లో సెకండ్ హ్యాండ్‌వే ఎక్కువ. కొత్త బండి కొనుక్కోమని వాళ్లకు ఎవరు చెప్పగలరు? కనీసం జిల్లాకు రెండు మూడు బంకుల్లోనైనా 10 శాతం కలిపిన పెట్రోల్‌కు ఒక నాజిల్ ఉంచాలని కోరుతున్నాను.

మీ పత్రిక సరిహద్దు జిల్లాల పేజీలో ఈ సంగతి రాసి, అధికారుల చేత జవాబు చెప్పించాలని మనవి. నా నోటుబుక్కులో గత నాలుగేళ్ల పేజీలు జెరాక్స్ తీయించి ఈ లేఖతో జత చేశాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా