చిత్తూరు కట్టమంచి: మన సంఘం వార్షిక నివేదిక, కార్యదర్శి మాటల్లో

గౌరవ సభ్యులకు నమస్కారం.

గంగ జాతరకు పెట్టే చలివేంద్రం, కంటి పరీక్షల శిబిరం, పిల్లలకు నోటు పుస్తకాలు ఏటా ఉండేవే, ఈ ఏడూ జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. నేను మాత్రం యావజ్జీవ ఖైదీల విడుదలపై జరిపిన ఆదివారం చర్చల గురించే ఎక్కువ చెబుతాను. కొత్తగా చేసింది అదే, మనలో మనకు మాట పట్టింపులు వచ్చిందీ అక్కడే.

2015 నవంబరులో మన నగరపాలక కార్యాలయంలోనే మేయర్ కటారి అనురాధ దంపతులను హత్య చేసిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ కేసులో 2025 అక్టోబరులో ఇక్కడి కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. ఆ శిక్షను హైకోర్టు ధ్రువీకరించాలి కాబట్టి దాని మంచిచెడుల జోలికి మనం పోలేదు. అయితే తీర్పు వచ్చిన వారమే పఠన మందిరంలో ఒక పెద్దాయన, ‘ఒకవేళ అది యావజ్జీవంగా మారితే పద్నాలుగేళ్లకు బయటికి వచ్చేస్తారు కదా?’ అన్నారు. సగం మంది తల ఊపారు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేను కూడా పుస్తకం తిరగేయకుండా జవాబు చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతోనే చర్చలు మొదలయ్యాయి.

మొదటి ఆదివారం పద్నాలుగేళ్ల లెక్కకే సరిపోయింది. యావజ్జీవమంటే ఊపిరి ఉన్నంతకాలమేనని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గోడ్సే కేసులో చెప్పింది. పద్నాలుగేళ్ల మాట 1978లో నేర విచారణ స్మృతికి చేర్చిన 433ఎ సెక్షన్‌తో వచ్చింది. ఇప్పుడది ఆ స్మృతి స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 475వ సెక్షన్. ఉరి కూడా వేయదగిన నేరంలో యావజ్జీవం పడినవాణ్ణి పద్నాలుగేళ్లు నిండకుండా ప్రభుత్వం వదలకూడదన్నదే దాని సారం. పద్నాలుగు నిండితే ఖైదీ అడగడానికి అర్హుడవుతాడు, అంతే. తలుపు దానంతటది తెరుచుకోదు. కొన్ని కేసుల్లో ఇన్నేళ్ల దాకా శిక్ష తగ్గించకూడదని కోర్టే కట్టడి చేయవచ్చని 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో తేలింది.

రెండో చర్చ అమెరికాలో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన సభ్యుడి పుణ్యం. కాలిఫోర్నియాలో పెరోల్ విచారణ, అంటే ఖైదీని వదలాలా వద్దా అని తేల్చేది, నిజంగా విచారణేనట. అధికారులు కూర్చుంటారు, ఖైదీ వాళ్ల ప్రశ్నలకు జవాబు చెబుతాడు, చనిపోయినవారి కుటుంబం ఎదురుగా కూర్చుని తన మాట చెబుతుంది. 1969లో చార్లెస్ మాన్సన్ ముఠా చంపిన నటి షారన్ టేట్ తల్లి అలా వెళ్లి, తన కూతుర్ని చంపినవాడి ముందే మాట్లాడింది. మాన్సన్ జైల్లోనే పోయాడు. అదే ముఠాలోని లెస్లీ వాన్ హూటెన్ యాభై ఏళ్లు దాటాక 2023లో బయటికి వచ్చింది. అమెరికా సెనేటరు రాబర్ట్ కెనెడీని చంపిన సిర్హాన్‌ను వదలవచ్చని 2021లో సిఫారసు వస్తే, కెనెడీ కొడుకుల్లో ఇద్దరు సరేనన్నారు, తోబుట్టువుల్లో ఆరుగురు ససేమిరా అన్నారు. చివరికి 2022 జనవరిలో గవర్నరు కాదన్నాడు. ఒకే తండ్రి పిల్లలు ఒక మాట మీద లేనప్పుడు, మన సంఘంలో అరుపులు రావడం వింతేమీ కాదు.

మన దగ్గర పెరోల్ అంటే సెలవు. తల్లి పోయిందనో, బిడ్డ పెళ్లి అనో కొన్నాళ్లు వెళ్లి మళ్లీ లోపలికి రావాలి. శాశ్వత విడుదల మాత్రం ఫైలు మీద జరుగుతుంది. జైలు, పోలీసు, ప్రొబేషన్ అధికారుల నివేదికలు పైకి వెళ్తాయి, ఉత్తర్వు కిందికి వస్తుంది. మధ్యలో హతుల ఇంటివారికి కుర్చీ ఉండదు. గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురై, ఇంటివారిని పోగొట్టుకున్న బిల్కిస్ బానో కేసులో 2022 ఆగస్టు 15న పదకొండు మంది దోషులను వదిలారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లాకే 2024 జనవరి 8న ఆ ఉత్తర్వు రద్దయింది. మన రాష్ట్రంలోనూ హతుల్లో ఒకరి కొడుకు ఏపూరు సుధాకర్ వేసిన కేసు ఉంది. అక్కడ దోషికి పడింది పదేళ్ల శిక్ష. గవర్నరు మిగిలిన శిక్ష తగ్గిస్తే, హతుల కొడుకులే ఢిల్లీ దాకా వెళ్లి 2006లో దాన్ని కొట్టివేయించారు. దోషి మంచి పార్టీ కార్యకర్త అని నివేదికలో రాశారట! గుమాస్తాగా ఎన్నో నివేదికలు చూశాను గానీ ఇంతటి యోగ్యతాపత్రం చూడలేదు.

మూడో చర్చలో, అంతదాకా మూలన కూర్చుని వింటున్న ఒక సభ్యుడు లేచాడు. అతని అన్న కడప కేంద్ర కారాగారంలో ఉన్నాడని మనలో చాలామందికి అప్పుడే తెలిసింది. వాళ్లమ్మ పీలేరు, రాయచోటి మీదుగా బస్సులో వెళ్లి కాసేపు చూసి వస్తుందట. ‘అన్న ఫైలు ఎక్కడుందో మాకూ ఎవరూ చెప్పరు’ అన్నాడు. అడగకపోయినా అర్హుల పేర్లు ప్రభుత్వమే పరిశీలించాలని, కారణాలు ఖైదీకి తెలపాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిందని చదివి వినిపించాను. ‘అది ఆ ఇంటి దాకా రావాలి కదా, సార్’ అన్నాడు. చంపినవారి ఇల్లు, చచ్చినవారి ఇల్లు ఒకే గడప బయట నిలబడి ఉన్నాయని నాకు ఆ రోజే తట్టింది.

అందుకే విడుదల ఫైలు కదిలినప్పుడు రెండు కుటుంబాలకూ తెలపాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం పెట్టాం. సులభంగా నెగ్గుతుందనుకున్నాను. భర్తను హత్యలో పోగొట్టుకున్న మన వీధి అక్కయ్య వద్దన్నారు. ‘ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ఆయన శవం మళ్లీ నా వాకిట్లోకి వస్తుంది’ అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండు వారాలు ఆగి, ముందుగా పేరు రాసి ఇచ్చినవారికే తెలపాలని మార్చాం. అప్పుడు ఆవిడే చేయి ఎత్తారు. ఖైదీలకు అసలు విడుదలే వద్దనే ముగ్గురు మాత్రం వ్యతిరేకంగానే ఓటు వేశారు. వారి కోరిక మేరకు అది మినిట్స్‌లో రాశాను.

దరఖాస్తు స్పీడ్ పోస్టులో వెళ్లింది. జవాబు రాలేదు.

మోకాళ్లు సహకరించడం లేదు కాబట్టి వచ్చే ఏడాదికి కార్యదర్శి పదవికి నా పేరు ప్రతిపాదించవద్దని మనవి. దరఖాస్తు నకలు, పోస్టాఫీసు రసీదు బీరువాలో పై అరలో, ఎర్ర ఫైలులో ఉన్నాయి. తాళం చెవి ఎన్నికైనవారికి ఈ సభలోనే ఇస్తాను.