కోటిపల్లి మాస్టారికి కృతజ్ఞతలు

సీ భాషలో నేను రాసుకున్న, కమాండ్లు అందుకుని నడిపే బుల్లి షెల్‌లో ఎట్టకేలకు పై బాణం పనిచేస్తోంది. నొక్కగానే ఇందాకటి కమాండ్ వస్తోంది. నెల కిందట అదే మీటకి తెర మీద పిచ్చి గుర్తులు పడేవి.

ఇది మాస్టారి పుణ్యమే. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు, రాయను. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి వెళ్లేసరికి, "ఆర్‌ఎల్‌రాప్ తగిలిస్తే నిమిషంలో అయిపోతుంది కదరా" అన్నారు. పాత కమాండ్లు గుర్తుపెట్టుకునే పనిని ఏ ప్రోగ్రాంకైనా జోడించే రెడీమేడ్ సాధనం అది. నేనే రాయాలన్నాను. "అయితే కూర్చో" అన్నారు.

నా కోడ్ వైపు చూడనే లేదు. ముందు పై బాణం ఏం పంపుతోందో చూడమన్నారు. ఒక్క మీటకి మూడు బైట్లు: 27, 91, 65. మామూలుగా ఎంటర్ కొట్టేదాకా లైను కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దగ్గరే ఆగుతుందట, షెల్‌కి అందదు. అందుకే టెర్మినల్‌లో ఐకానన్ (ఎంటర్ దాకా లైను ఆపే సెట్టింగు), ఎకో (కొట్టింది తెర మీద చూపే సెట్టింగు) రెండూ ఆపించారు. ఇక వచ్చిన ప్రతి బైటూ నాదే, తెర మీద చూపించే పనీ నాదే.

ఇంటికొచ్చి అంతా రాశాను కానీ, బయటికొచ్చేటప్పుడు పాత సెట్టింగులు తిరిగి పెట్టడం మర్చిపోయాను. ఏం కొట్టినా కనపడదు. కొబ్బరి కొట్టు లెక్కలన్నీ ఆ కంప్యూటర్‌లోనే. కీబోర్డు పోయిందని నాన్నకి ఒకటే టెన్షన్! మాస్టారు ఫోన్‌లో "కనపడకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని కొట్టి ఎంటర్ నొక్కు" అన్నారు. టెర్మినల్ సెట్టింగులను మామూలు స్థితికి తెచ్చే కమాండ్ అది. బతికాం. బయటికొచ్చేటప్పుడే కాదు, ప్రతి కమాండ్ నడిపే ముందు కూడా పాత సెట్టింగులు ఇచ్చేసి, అది ముగిశాక మళ్లీ మార్చుకోవాలని అప్పుడే చెప్పారు.

చెల్లికీ థాంక్స్. 'కొబ్బరి' అని ఫైలు పేరు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కింది, చివర చెత్త మిగిలింది. కంటికి మూడక్షరాలే కానీ, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అది 21 బైట్లు. నేను ఒక్కటే చెరిపేస్తున్నాను. మొదటి రెండు బిట్లు 10గా ఉన్న బైట్లన్నీ దాటి, వాటి ముందున్న బైటుతో సహా తీసేయాలని మాస్టారు దిద్దారు. ఇప్పుడు 'రి'లో గుడి పోయి 'ర' మిగులుతోంది. "మంచిదేగా, గుడి తప్పు పడితే గుడే దిద్దుకోవచ్చు" అన్నారాయన.

ఫీజు మాటెత్తితే కసిరారు. బొండాలు మాత్రం కాదనలేదు. ఆదివారం మళ్లీ పంటు ఎక్కుతాను మాస్టారూ, ట్యాబ్ నొక్కితే ఫైలు పేరు పూర్తయ్యే పని ఇంకా మిగిలే ఉంది.