మెనూ నొక్కితేనే తెరుచుకోవాలి

సంపాదకులకు,

ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లు చాలావాటిలో పైనున్న మెనూ మౌస్ బాణం సోకితేనే కిందికి జారుతుంది. ఫోన్లో బాణమే లేదు. ‘పరీక్షలు’ అన్న మాట లింకు కూడా అయితే, చాలాసార్లు వేలు పెట్టగానే జాబితా తెరుచుకోకుండానే ఇంకో పేజీ వచ్చేస్తుంది. హాల్‌టికెట్ లింకు ఆ జాబితాలోనే ఉండిపోతుంది.

మౌస్ ఉన్నవారికీ తిప్పలే. పక్కకు తెరుచుకున్న ఉపమెనూ వైపు బాణాన్ని ఎవరైనా ఏటవాలుగానే లాగుతారు. దారిలో కింది వరుస తగిలిందంటే తెరిచింది మూసుకుపోయి మరోటి తెరుచుకుంటుంది. తెరిచింది మూసుకునే ముందూ, మరోటి తెరుచుకునే ముందూ సెకనులో మూడో వంతు ఆగేలా ట్రాన్సిషన్-డిలే (పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ కోడ్‌లో మార్పును ఆలస్యం చేసే అమరిక) పెడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అయితే జాబితాను విజిబిలిటీ అనే అమరికతో పూర్తిగా దాచాలి. ఒపాసిటీ (ఎంత స్పష్టంగా కనపడాలో చెప్పే విలువ) సున్నా చేసి వదిలేస్తే కంటికి కనపడని లింకుల మీద ట్యాబ్ కీ తిరుగుతూనే ఉంటుంది.

అసలు మందు మాత్రం నొక్కితే తెరిచే మెనూ. పై మాటను లింకుగా కాక బటన్‌గా రాయాలి. జాబితా తెరిచి ఉందో లేదో చెప్పే దాని ఆరియా-ఎక్స్‌పాండెడ్ విలువ తెరిస్తే ట్రూ, మూస్తే ఫాల్స్ కావాలి. చూపులేనివారికి స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చెప్పేది దాన్ని బట్టే. ఎస్కేప్ నొక్కితే జాబితా మూసుకుని ఫోకస్ (కీబోర్డు ప్రస్తుతం ఉన్న చోటు) మళ్లీ ఆ బటన్ మీదికే రావాలి. చాలామంది ఉత్సాహంగా కోడ్‌లో జాబితాకు రోల్ (అది ఏ రకం భాగమో చెప్పే గుర్తు) ‘మెనూ’ అని కూడా తగిలిస్తారు, అది వద్దు. అలా రాస్తే బాణం కీలతో కదలాలని స్క్రీన్ రీడర్ చెబుతుంది, ఆ కీలు పనిచేసేలా కోడ్ మాత్రం ఎవరూ రాయరు.

తెలుగు పేజీల్లో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌కి కొలిచిన వరుస ఎత్తునే ఉంచేస్తే ‘రాష్ట్ర’లో వత్తులు తెగిపోతాయి. ఎత్తు బిగించకుండా, పంక్తి ఎడం (లైన్-హైట్) అక్షర పరిమాణానికి 1.6 రెట్లు ఇస్తే సరిపోతుంది. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన అంతర్జాతీయ ప్రమాణాల్లో 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 నొక్కే చోటుకు 24 పిక్సెళ్లు చాలంటుంది గానీ, బొటనవేలికి 44 ఉంటేనే హాయి.

ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు దీనికి ముందటి డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ (మధ్య) స్థాయిని పాటించమంటున్నాయి. ఐదారు లింకులున్న సైటుకు ఇలా కిందికి జారే మెనూయే (డ్రాప్‌డౌన్) అక్కర్లేదు, నేరుగా పరిచేయొచ్చు. పెద్ద సైటైతే, కాంట్రాక్టరుకు బిల్లు పాస్ చేసే ముందు అధికారి మౌస్ ఊడదీసి, ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ కీలతోనే ప్రతి జాబితా తెరిచి మూసి చూడాలి. తర్వాత అదే పని ఫోన్లో ఒంటిచేత్తో చేయాలి.

– ఒక వెబ్ డెవలపర్, హైదరాబాద్