సన్న నూలు ఆలస్యం, ముతక నూలు సిద్ధం

సన్న లినెన్ నూలు ఆర్డర్ ఇచ్చినవాళ్లకు: ఈ లాటు మరో 6 వారాలకు గానీ అందదు. తేడా ఊరబెట్టడంలో, అంటే పుల్ల నుంచి నార ఊడొచ్చేలా కాడల్ని తడికి నాననివ్వడంలో వచ్చింది.

లినెన్ నారనిచ్చే అవిసె మొక్కల్ని కోయకుండా వేళ్లతో సహా పీకేస్తాం, కోస్తే నార పొడవు తగ్గుతుంది. గింజలు దువ్వేశాక కాడల్ని పొలంలోనే పలచగా పరిచి మంచుకు వదిలేస్తాం. ఆ తడికి పట్టే బూజు, నారను లోపలి పుల్లకి అంటించి ఉంచే పెక్టిన్ జిగురును తినేస్తుంది. మామూలుగా 3 నుంచి 6 వారాల పని. ఈసారి మధ్యలో మంచు పడక పైకాడలు ఎండిపోయాయి, నేలకు ఆనినవి మాత్రం ఊరాయి. కాడల్ని రెండోసారి తిరగెయ్యడం ఆలస్యం చేశాం. తప్పు మాదే.

ఎండిన కాడను వేలెడు దూరంలో రెండుచోట్ల విరిచి లాగితే, మధ్య పుల్లముక్క నార నుంచి జారి పడాలి. సగం కట్టల్లో అది కదల్లేదు. అలాగే విరగ్గొట్టి చెక్క కత్తితో బాదితే పుల్ల వదలకముందే నార తెగుతుంది, మేకుల దువ్వెన దగ్గరికొచ్చేసరికి పొడవు నార కాస్తా పీచవుతుంది. అందుకే ఆ కట్టల్ని మళ్లీ పరిచాం, రోజూ విరిచి చూస్తున్నాం. తక్కువ ఊరినదాన్ని ఇలా దారికి తేవచ్చు. ఎక్కువ ఊరితే మాత్రం నార లాగగానే పుటుక్కుమంటుంది, దానికి మందు లేదు.

నీళ్లలో ఊరేస్తే వారం పది రోజుల్లో అయ్యేదిగా అని కొందరు అడిగారు. నిజమే, నార కూడా లేత పసుపుతో మెరుస్తుంది. కానీ ఆ కంపు నీళ్లు చెరువులో కలిస్తే ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. ఆ పని చెయ్యం.

రెండు విడతల్లో ఊరింది కాబట్టి బూడిదరంగు రెండు ఛాయల్లో వస్తుంది. ఒక బట్టకు కావలసిన నూలంతా ఒకే ఛాయలో అడగండి, కలిపి నేస్తే చారలు కనిపిస్తాయి.

ముతక నూలు ఇప్పుడే పంపగలం. దువ్వెనలో మిగిలిన పీచుతో వడికింది, అక్కడక్కడా ఉండలు, చిన్న పుల్లముక్కలు ఉంటాయి. పేకకు (అడ్డపోగులకు) బాగుంటుంది. పడుగుకు (నిలువు పోగులకు) వద్దు, మగ్గం అచ్చులో ఒరుసుకుని తెగుతుంది. సన్న నూలు బదులు ఇది కావాలన్నా, డబ్బు వెనక్కి కావాలన్నా ఆర్డర్ నంబరుతో రాయండి.