ఆ ఎర్ర పెట్టెలు తెరిపించండి మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర హోం, విపత్తు నిర్వహణ శాఖ మంత్రిగారికి, అనంతపురం నుంచి ఒక అపార్ట్‌మెంట్ వాసి నమస్కరించి రాస్తున్నది.

అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది. మా బిల్డింగ్ ఫైర్ గొట్టాల గురించి సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ 'పరిష్కరించడమైనది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా బిల్డింగ్ గడప మాత్రం ఎవరూ తొక్కలేదు.

మాది ఏడంతస్తులు. ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కన, మంటలార్పే గొట్టం ఉండే ఎర్ర పెట్టె ఉంది. మా నాలుగో అంతస్తు పెట్టె తాళంచెవి ఎక్కడుందో వాచ్‌మన్‌కే తెలీదు. చివరికి అసోసియేషన్ వాళ్లే తాళం పగలగొట్టించారు. 63 మిల్లీమీటర్ల గొట్టం, బిల్డింగ్ కట్టిన రోజు ఎలా మడిచి పెట్టారో అలాగే ఉంది. విప్పబోతే మడతల దగ్గర లోపలి రబ్బరు పొడిపొడిగా రాలింది. గొట్టాన్ని వాల్వుకు బిగించే కప్లింగులో వాషర్ లేదు. కొసన నీళ్లు చిమ్మే నాజిల్ అసలే లేదు, ఇత్తడిది కదా, ఎవరో ఊడబెరుక్కుపోయారు. పక్కనే చక్రానికి చుట్టి ఉన్న సన్న గొట్టం, అదే రీలు ట్యూబు, మా ఎండలకు బీటలు వారింది. వాల్వు చక్రం ఇద్దరు పట్టి తిప్పినా కదల్లేదు. తనిఖీ కార్డు మీద ఒక్క సంతకం లేదు. మెయింటెనెన్స్ కాంట్రాక్టరు బిల్లు మాత్రం ఏటా తప్పకుండా వస్తోంది!

గొట్టాన్ని అప్పుడప్పుడూ విప్పి, మడత చోటు మార్చి చుట్టాలనీ, తడిస్తే నీడన ఆరబెట్టాలనీ, ప్రెషర్ పెట్టి చూడాలనీ మీ శాఖకు నేను చెప్పాలా? బిల్డింగుల్లో ఈ గొట్టాలు ఎలా పెట్టాలో, ఎలా చూసుకోవాలో చెప్పే ఐఎస్ 3844 ప్రమాణం ఉంది, 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ఉంది. బిల్డర్‌ను అడిగితే అసోసియేషన్ అంటాడు, అసోసియేషన్ కాంట్రాక్టర్ అంటుంది, అధికారులు ఎన్‌వోసీ (ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉంది కదా అంటారు. వేసవిలో బోరు ఎండితే ఫైర్ ట్యాంకు నీళ్లు కూడా ఇళ్లకు వదిలేస్తున్నారు. అడిగే నాథుడు లేడు.

ఆరో అంతస్తులో మంచం దిగలేని పెద్దాయన ఉన్నారు. 101కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, మీ సిబ్బంది ప్రాణాలకు తెగించి పనిచేస్తారు, కాదనను. కానీ రెండు పక్కలా కార్లు ఆపిన మా సందులోకి ఆ బండి వచ్చేదాకా మాకు దిక్కు ఆ గొట్టమే.

1944 బొంబాయి రేవు ప్రమాదంలో అసువులు బాసిన ఫైర్ సిబ్బంది స్మృతిగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుపుతారు. గ్రౌండులో కొత్త గొట్టాలతో నీళ్లు చిమ్మి చూపిస్తారు. ఆ వారంలోనైనా బిల్డింగులకు వచ్చి పెట్టెలు తెరిపించండి, మీకు దండం పెడతాను.

ఉత్త ఫొటోలు, బిల్లులు చూసేసి ఎన్‌వోసీ రెన్యువల్ చేయొద్దని మీ అధికారులకు చెప్పండి. పంపు ఆన్ చేసి, పై అంతస్తు వాల్వుకు గొట్టం బిగించి, మా కళ్లముందు నీళ్లు రప్పించాకే సంతకం పెట్టమనండి. నాజిల్ పోతే ఎవరు తేవాలో, తేకపోతే ఎవరిని అడగాలో కాగితం మీద రాసివ్వండి. మళ్లీ అర్జీ పెట్టుకోమని మాత్రం అనకండి.

ఇట్లు,
అనంతపురం అపార్ట్‌మెంట్ వాసి